బీర్పూర్ గుట్ట మీది పన్నెండు తునికి చెట్లు

22 ఏప్రిల్ 2024, జగిత్యాల

రేపటి నుంచి ఫీల్డ్. మా ప్రాజెక్టు తునికి చెట్టు మీద. బీడీలు చుట్టే ఆకు. ఏటా కొమ్మలు కొట్టిన చోట చిగురించే ఆకు మెత్తగా, పల్చగా వస్తుంది. కొట్టని చోట గరుకుగా ఉంటుంది. ఎందుకు? ఒక్కో చెట్టు డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, ఆకులోని రసాయనాలు మూడూ విడివిడిగా చదివి, మూడింటినీ కలిపి చూస్తే తెలుస్తుందని మా ఆశ. పెద్ద పేరు మల్టీ-ఒమిక్స్. ముప్పై ఏళ్లుగా కోరుట్లలో బీడీలు చుడుతున్న అమ్మకు ఇదంతా చెప్తే, మెత్తటాకు వస్తె మా చేతి ఏళ్లకు మంచిదే, జెల్ది కనుక్కో అంది.

ఫీల్డ్ అసిస్టెంట్ కావాలని దేవేందర్ సార్ అడిగారు. ఆయన మా ప్రాజెక్టు గైడ్, హైదరాబాద్‌లో ఉంటారు. నేను మొండయ్య పేరు చెప్పాను. కోరుట్ల మనిషి, మస్కట్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చాడు, నమ్మకస్తుడు అన్నాను. అన్నీ నిజాలే. మా చిన్నబాపు అని మాత్రం చెప్పలేదు. బాపు సొంత తమ్ముడు. బాపు పోయాక నన్ను చదివించింది ఆయన మస్కట్ చెమట.

ఎందుకు చెప్పలేదంటే, ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన కొత్తలో క్యాంటీన్‌లో అందరూ ఇంటి సంగతులు చెప్పుకుంటున్నారు. ఒకామె నాన్న ఇంజనీరు, ఇంకొకామె నాన్న లెక్చరర్. నా వంతు వచ్చింది. మాది అగ్రికల్చర్ ఫ్యామిలీ అన్నాను. మాకు గుంట భూమి లేదు. మా ఇంట్లో అందరూ ఇంకొకరి పొలంలోనే వంగారు. ఒకసారి నోరు జారాక దాన్ని కాపాడుకోవడమే పెద్ద ఉద్యోగం అయిపోయింది.

చిన్నబాపుకు ఫోన్ చేసి, గుట్ట దగ్గర నన్ను మేడం అనాలని చెప్పాను. గట్లనే బిడ్డా అన్నాడు. మళ్లీ తనే సర్దుకుని గట్లనే మేడం అని నవ్వాడు. నేనూ నవ్వాను. రాస్తుంటే మాత్రం నవ్వు రావడం లేదు.

23 ఏప్రిల్

బీర్పూర్ దగ్గరి గుట్ట. ఒక వాలు మీద ఏటా కొమ్మలు కొడతారు. అవతలి వాలు ఎవరూ ముట్టరు. ఒక్కో వాలు మీద పన్నెండు చెట్లకు నంబర్ల ట్యాగులు కట్టాం. చెట్లు అంటున్నాను గానీ, కొట్టే వాలు మీదివి నా నడుము ఎత్తు పొదలే.

ఆకు తుంచగానే ఫాయిల్‌లో చుట్టి ద్రవ నైట్రోజన్ ఫ్లాస్క్‌లో వేసెయ్యాలి. ఆలస్యమైతే ఆర్ఎన్ఏ పాడైపోతుంది. ఫ్లాస్క్ మూత తీయగానే లేచే తెల్లటి పొగ చూసి చిన్నబాపు భయపడలేదు. మస్కట్ల గ్యాస్ ప్లాంటు కాడ పనిచేసిన మేడం అన్నాడు. ఈ రోజు అలవాటు కోసమే తుంచాం గానీ, రెండో చెట్టుకే ఆయనకు పని పట్టుబడింది.

మొదటి రోజని సార్ కూడా వచ్చారు, మధ్యాహ్నం ఆయన, నేను జీపులో కూర్చుని తిన్నాం. చిన్నబాపు దూరంగా రాయి మీద. ఇద్దరి టిఫిన్లూ పొద్దున కోరుట్లలో అమ్మ ఒకే గిన్నెలోంచి సర్దినవి. ఆయనే బస్సులో మోసుకొచ్చి జగిత్యాల బస్టాండులో నాది నా చేతికిచ్చాడు. రెండింట్లోనూ వంకాయ, ఎండు రొయ్యలు. మొండయ్య ఏం కూర తెచ్చుకున్నాడో గుమగుమలాడుతోంది అన్నారు సార్. నేను నా టిఫిన్ మూత సగం మూసి, లోపల చెయ్యి పెట్టి తిన్నాను. పిల్లి తిన్నట్టు.

29 ఏప్రిల్

ఎండ మాడ్చేస్తోంది. సార్ హైదరాబాద్ వెళ్లిపోయారు. ఈ రోజు కొట్టే వాలు మీద అసలు శాంపిళ్లు. నేను సగం దాకా ఎక్కి కళ్లు తిరిగి దిగి వచ్చేశాను. జీపులో ఏసీ వేయించుకుని కూర్చున్నాను. నువ్వు కూసో బిడ్డా, నేను తెస్త అన్నాడు చిన్నబాపు. డ్రైవర్ ఉన్నాడని గుర్తొచ్చి, నేను తెస్త మేడం అని దిద్దుకున్నాడు. ఫ్లాస్క్ భుజాన వేసుకుని ఒక్కడే ఎక్కాడు. పన్నెండు ఫాయిల్ పొట్లాలతో దిగాడు. చొక్కా పిండితే కారేలా ఉంది.

సాయంత్రం సార్ ఫోన్. శాంప్లింగ్ నువ్వే దగ్గరుండి చేయించావు కదా అని అడిగారు. అవును సార్ అన్నాను.

30 జులై

డీఎన్ఏ రిజల్ట్స్ వచ్చాయి. ముట్టని వాలు మీది పన్నెండు చెట్లు పన్నెండు రకాలుగా ఉన్నాయి, ఉండాల్సినట్టే. కొట్టే వాలు మీది పన్నెండూ ఒక్కటే. అన్నదమ్ముల్లా దగ్గరగా ఉండటం కాదు, అచ్చంగా ఒక్కటే చెట్టు.

సార్ ఫోన్‌లో మామూలు గొంతుతోనే మాట్లాడారు. ఆయన అలా మాట్లాడితేనే నాకు భయం. ఒక పొదకే పన్నెండు సార్లు తెంపి పన్నెండు నంబర్లు రాసినట్టున్నాడు ఆ మనిషి అన్నారు. నువ్వు దగ్గరున్నావు కదా అని మళ్లీ అడిగారు. ఉన్నాను సార్, కాస్త కిందికి ఉన్నాను అన్నాను. కాస్త. జీపుకూ ఆ వాలుకూ మధ్య గుట్ట మొత్తం ఉంది.

2 ఆగస్టు, మధ్యాహ్నం

సార్ జగిత్యాల వచ్చారు. చిన్నబాపును మా ఆఫీసు గదికి పిలిపించారు. కుర్చీ ఉంది గానీ ఎవరూ కూర్చోమనలేదు. నేనూ అనలేదు.

సార్ రిజల్ట్ సంగతి తెలుగులో విడమరిచి చెప్పారు. తర్వాత నా వైపు తిరిగారు. ఆ రోజు నువ్వు పైన ఉన్నావా, కింద ఉన్నావా, సరిగ్గా చెప్పు అన్నారు. అల్మారా హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను.

అంతలో చిన్నబాపు అందుకున్నాడు. తప్పు నాదే సార్ అన్నాడు. ఎండకు పానం ఆగక ఒక్క చెట్టుకే తెంపి అన్నిట్ల ఏసిన, మేడంకు తెల్వది, మేడంను నేనే మోసం జేసిన అన్నాడు. సార్ అరవలేదు. రేపటి నుంచి రావద్దు అన్నారు, అంతే. చిన్నబాపు సార్‌కు దండం పెట్టాడు. నాకూ పెట్టాడు.

అదే రోజు, సాయంత్రం 6, కోరుట్ల

ఒళ్లు మండి బస్సెక్కి ఇంటికి వచ్చాను. చిన్నబాపు ఇల్లు మా పక్కదే. గడపలోనే పట్టుకుని కడిగేశాను. నా పరువు తీశావు అన్నాను. నా రెండేళ్ల కష్టం గుట్ట మీద పారబోశావు అన్నాను. నిన్ను పెట్టించినందుకు నాకు బుద్ధి రావాలి అన్నాను. చిన్నమ్మ లోపలి నుంచి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆయన అరుగు మీద తల దించుకుని కూర్చుని, తప్పయింది బిడ్డా అన్నాడు. ఆ ఒక్క మాటే, మూడు నాలుగు సార్లు.

ఇంట్లోకి వచ్చాక అమ్మ చేటలో ఆకు కత్తిరిస్తూ, మొండయ్య గసుంటి పని జెయ్యడు అంది. డీఎన్ఏ అబద్ధం చెప్పదమ్మా అన్నాను. గదెవలో నాకు తెల్వది, మొండయ్య నాకు తెలుసు అంది. నేను అన్నం తినలేదు. తిననందుకు అమ్మ బతిమాలలేదు.

3 ఆగస్టు

ఆయన మా చిన్నబాపు అని సార్‌కు ఇంకా తెలియదు. పొద్దున కళ్లు తెరవగానే వచ్చిన మొదటి ఆలోచన ఇదే. నాకు నిజంగా హాయిగా అనిపించింది.

20 ఆగస్టు

చిన్నబాపు సిరిసిల్ల వెళ్లిపోయాడు. అక్కడ కళ్యాణి అత్తగారిల్లు. కళ్యాణి ఆయన ఒక్కగానొక్క బిడ్డ, నాకు చెల్లెలు. అల్లుడితో పాటు సాంచల షెడ్డులో, బట్ట నేసే మరమగ్గాల దగ్గర, పని దొరికిందట. అల్లుడింట్లో ఉండి తినడం కంటే మస్కట్ కూలీల క్యాంపే నయం అనే మనిషి.

వెళ్లాల్సి వచ్చింది. మా జీపు డ్రైవర్ ద్వారా సంగతి కోరుట్ల అంతా పాకింది. సర్కారు పనిలో మోసం చేస్తే తీసేశారని చెప్పుకుంటున్నారట. ఆకుల మోసం అని పిల్లలు కూడా అంటున్నారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్పి పెట్టేసింది.

సార్ అవే చెట్లకు మళ్లీ డీఎన్ఏ చేయించమన్నారు. ఈసారి నువ్వే తెంపు, నీ చేత్తో అని నొక్కి చెప్పారు.

24 ఆగస్టు

ఒక్కదాన్నే ఎక్కాను. వానలకు రాళ్లు జారుతున్నాయి. పన్నెండు ట్యాగులూ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. బెరడు కోసుకుపోకుండా చిన్నబాపు తీగ కింద గుడ్డ ముక్క పెట్టి రెండేసి ముళ్లు వేశాడు. ముళ్లు వేయడానికి ఉన్న ఓపిక ఆకు తుంచడానికి లేకపోయిందా అని మళ్లీ కోపం వచ్చింది. ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, నంబరు చూసి, నా చేత్తోనే తుంచాను. అవతలి వాలు మీదివీ అలాగే. ఎక్కడా పొరపాటు లేదు.

3 అక్టోబర్, పొద్దున 11

మళ్లీ ఒక్కటే.

పన్నెండూ ఒక్కటే చెట్టు. నేను తుంచినవే.

3 అక్టోబర్, మధ్యాహ్నం

ల్యాబ్‌లో కలిసిపోయాయేమో అని సార్ మొదట అనుమానించారు. కానీ అవతలి వాలువి ఈసారీ వేర్వేరుగానే వచ్చాయి. ఇటువి మాత్రమే ఎందుకు కలుస్తాయి? సార్ తర్వాత, తునికికి వేళ్ల నుంచి పిలకలు వేసే గుణం ఉంది కదా, తవ్వి చూద్దాం అన్నారు. నేను చదివిన సంగతే అది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. చిన్నబాపును గడపలో నిలబెట్టి తిట్టిన రోజు అది నా బుర్రలోకి రాలేదు. దొంగ అనే మాట ముందు వచ్చింది.

4 అక్టోబర్

ఫారెస్ట్ వాళ్ల అనుమతి తీసుకుని ఇద్దరు కూలీలతో తవ్వించాం. మూడో నంబరు చెట్టు కింద బొటనవేలు లావు వేరు ఒకటి అడ్డంగా పోయింది. దాన్ని పట్టుకుని మట్టి తీసుకుంటూ పోతే నాలుగో నంబరు. అక్కడి నుంచి ఏడు. సాయంత్రానికి గుట్ట వాలు మీద వల పరిచినట్టు వేళ్లు బయటపడ్డాయి. ఏటా పైన కొట్టేసరికి చెట్టు కింద వేళ్లతో పాకింది. మనం పన్నెండు చెట్లనుకున్నది ఒక్క చెట్టు పిలకలే.

సార్ మోకాళ్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఫొటోలు తీసుకున్నారు. ఇదే ఒక పేపర్ అవుతుంది అన్నారు. ఒకే డీఎన్ఏ ఉన్న చెట్టు ఎక్కువ కొట్టిన చోట ఒకలా, తక్కువ కొట్టిన చోట ఒకలా ఆకు వేస్తే, ఆ తేడా పుట్టుకది కాదు, మనిషి కొట్టడం వల్ల వచ్చినదని తేల్చుకోవచ్చు, ఇంతకంటే మంచి మెటీరియల్ ఎక్కడ దొరుకుతుంది అన్నారు. అంతలో ముఖం ముడుచుకున్నారు. ఏప్రిల్ శాంపిళ్లు పనికి రావు, ఆ మొండయ్య ఒకే పొదకు తెంపానని ఒప్పుకున్నాడు కదా, ఏ పొట్లంలో ఏముందో ఎవరు నమ్మాలి అన్నారు. అయినా ఇక్కడ పన్నెండూ ఒక్కటే రావడానికి మోసం అక్కర్లేదు, మరి అతనెందుకు ఒప్పుకున్నాడు, పిచ్చోడా అని నన్నే అడిగారు.

నాకు తెలుసు. ఆ క్షణంలోనే తెలిసింది. ఆ రోజు సార్ నన్ను పైన ఉన్నావా కింద ఉన్నావా అని అడుగుతున్నప్పుడు చిన్నబాపు నోరు తెరిచాడు. చేతుల నిండా మట్టితో నిలబడి, తెలియదు సార్ అన్నాను.

10 అక్టోబర్

సద్దుల బతుకమ్మ. ఇంటికి వెళ్లలేదు. పని ఉందని అమ్మకు చెప్పాను. పనేమీ లేదు.

19 అక్టోబర్, సిరిసిల్ల నుంచి బస్సులో

సాంచల షెడ్డులో మాట వినబడదు. చిన్నబాపు నూలు చుట్టిన పొడుగాటి ఇనుప భీమును ఇంకొకాయనతో కలిసి మోస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. భీము దించేదాకా ఆగమని చేత్తో సైగ చేశాడు. ముక్కు మీద, కనుబొమ్మల మీద దూది. బయటికి వచ్చి కుళాయి కింద ముఖం కడుక్కున్నాడు. చాయ్ హోటల్‌కు తీసుకెళ్లాడు.

వేరు సంగతి చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. గుట్ట మొత్తం ఒక్కటే చెట్టా, ఎంత పొడుగుంది వేరు అని అడిగాడు. మీ సార్ ఖుషీ అయిండా అన్నాడు. తన గురించి ఒక్క మాట లేదు.

ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. చాయ్ సాసర్లో పోసుకుంటూ చెప్పాడు. క్యాంపుల గట్లనే ఉంటది బిడ్డా అన్నాడు. ఫోర్‌మన్‌కు కోపం అచ్చిందనుకో, ఎవలదో ఒకలది తప్పు కావాలె, ఎవడో ఒకడు నాదే సాబ్ అంటె లొల్లి ఆడికి ఒడుస్తది, మిగిలినోళ్ల కొలువు నిలుస్తది అన్నాడు. నీ మొఖం జూసిన, నీ కొలువు పోతదనుకున్న, నాదేముంది, నాకు ఇంకో పని దొరుకుతది అన్నాడు.

సరే, సార్ ముందు అన్నావు. ఇంటి దగ్గర నాతోనన్నా నిజం చెప్పొచ్చు కదా అన్నాను. ఎంత సిగ్గులేనిదాన్నో, ఆ మాటలో కాస్త కోపం కూడా ఉంది.

నువ్వు అడుగలే బిడ్డా అన్నాడు. తిట్టినవ్. అడిగితె చెప్పేటోన్ని.

చిన్నప్పుడు నా పలక పగిలితే కూడా ఎట్ల పల్గింది బిడ్డా అని అడిగాకే ఏదైనా అనేవాడు ఆయన.

ఇంటికి రమ్మన్నాడు, వెళ్లాను. కళ్యాణి మంచినీళ్లిచ్చింది గానీ కూర్చోమనలేదు. మా బాపు దొంగతనం జేసిండని మా అత్తకు ఎవలో ఫోన్ల చెప్పిన్రక్కా, అన్నం పెట్టినప్పుడల్లా ఆమె ఇంత పెద్దగ నిట్టూర్పు ఇడుస్తది అంది. చిన్నబాపు దాన్ని కసిరాడు. కసరొద్దు అనడానికి నాకు నోరెక్కడిది?

21 అక్టోబర్

చెప్పేశాను. హైదరాబాద్ వెళ్లి, సార్ గదిలో, తలుపు వేసి. ఆ రోజు జీపులో ఏసీలో కూర్చున్నానని. దగ్గరున్నానని అబద్ధం చెప్పానని. మొండయ్య మా చిన్నబాపు అని. నన్ను కాపాడటానికే తప్పు నెత్తిన వేసుకున్నాడని. మధ్యలో ఏడుపు వచ్చింది. ఏడ్చి తప్పించుకుంటున్నానేమో అని భయం వేసి ఆపుకున్నాను.

సార్ కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. జీపు సంగతి చిన్నది కాదు, రిపోర్టులో రాసి సంతకం పెట్టు అన్నారు. శాంపిళ్లు పక్కన పెట్టేస్తున్నాం, వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ తీయాలి, నీ థీసిస్ ఒక ఏడాది వెనక్కి పోతుంది అన్నారు. అన్నింటికీ తలూపాను.

తర్వాత అడిగారు. మీ చిన్నబాపు అయితే ఏమైంది, ఎందుకు దాచావు అని.

ఆయన కోప్పడితే బాగుండేది. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. ఆయన పట్టించుకోని సంగతి కోసం నేను ఇంటి మనిషికి టిఫిన్ మూత అడ్డం పెట్టాను.

అతన్ని మళ్లీ రమ్మను, నేను అడిగానని చెప్పు అన్నారు సార్. తర్వాత, వద్దు, నేనే ఫోన్ చేస్తాను, నంబరివ్వు అన్నారు.

27 అక్టోబర్, కోరుట్ల

అమ్మతో బీడీల కార్ఖానాకు వెళ్లాను. వాడకట్టు ఆడవాళ్లంతా చుట్టిన బీడీలు అప్పజెప్పే చోటు. ఊరిలో మాట పుట్టినా చచ్చినా అక్కడే. వరుసలో నిలబడ్డవాళ్ల ముందు గట్టిగా చెప్పాను. మా చిన్నబాపు మోసం చెయ్యలేదు, పన్నెండు చెట్లకూ తెంపాడు, అవి భూమిలో ఒక్కటే చెట్టు, మాకే తెలియలేదు అన్నాను. ఇంటి దగ్గర చాలాసార్లు అనుకుని వెళ్లిన మాటలు.

వరుసలో ఉన్న లచ్చవ్వ మా అమ్మకంటే పెద్దది. చేట కింద పెట్టి అడిగింది. మరి తప్పెవలది అని.

నాది అన్నాను.

గట్లయితె ఆయననెందుకు తీసేసిన్రు, నిన్నెందుకు ఉంచుకున్నరు అంది.

కొట్లాటకు అడగలేదు. తెలుసుకుందామని అడిగింది. అందరూ నా వైపు చూస్తున్నారు. అమ్మ కూడా. అంతలో అప్పజెప్పే వంతు వచ్చి అమ్మ ముందుకు జరిగింది.

24 ఏప్రిల్ 2025, బీర్పూర్

చిన్నబాపు వచ్చాడు. సార్ రెండుసార్లు ఫోన్ చేశాక. గుట్ట ఇద్దరం కలిసి ఎక్కాం.

ఒక్కో చెట్టు దగ్గరా ఆగి నంబరు పైకి చదువుతున్నాడు. తుంచే ముందు కొమ్మ వంచి, ఆకును రెండు వేళ్ల మధ్య పట్టి, నా ముఖం ముందుకు తెచ్చి చూపిస్తున్నాడు. నేను తలూపేదాకా తుంచడు. ఇదంతా అక్కర్లేదు చిన్నబాపూ అన్నాను. చూడు బిడ్డా, రేపు ఎవలన్న అడిగితె చూసిన అని చెప్పాలె గద అన్నాడు.

పన్నెండు చెట్లకూ అలాగే చేశాడు. నేను చూశాను.